ముందు తాడు కొను తమ్ముడూ, రంపం తర్వాత

ప్రశ్న: అన్నగారూ, మాది తణుకు దగ్గర పల్లె. నాకు 29 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక కాంట్రాక్టర్ దగ్గర నాలుగేళ్లు అపార్ట్‌మెంట్లలో, కాలనీల్లో చెట్ల కొమ్మలు కొట్టే పని చేశాను. అమ్మకి ఒంట్లో బాగోక ఊరొచ్చేశాను. ఇద్దరు కుర్రాళ్లని పెట్టుకుని ఇక్కడే సొంతంగా మొదలుపెడదామని ఉంది. చేతిలో లక్షన్నర ఉంది. లోను తీసుకుని పెద్ద చైన్ రంపం, కొమ్మలు ముక్కలు చేసే మిషన్ కొనేయమని మా బావ అంటున్నాడు. మిషన్ కనిపిస్తే పని అదే వస్తుందట. ఈలోగా ఒక స్కూల్ వాళ్లు ప్రహరీ పక్కనున్న నిద్రగన్నేరు చెట్టు తీసేయమని అడిగారు. కొమ్మలు కొన్ని కరెంటు తీగల మీదకి ఉన్నాయి. ఒప్పుకోవాలా? ముందు ఏం కొనాలి?
— ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం:

తమ్ముడూ, నాలుగేళ్లు పనిచేశానన్నావు కాబట్టి నిన్నే ఒకటి అడుగుతాను. రోజు మొత్తంలో రంపం నిజంగా తిరిగేది ఎంతసేపు? నేను చూసినంతలో ఎనిమిది గంటల పనిలో గంట, మహా అయితే గంటన్నర. మిగతాదంతా ఎక్కడం, కట్టడం, దించడం, లాగడం, ఊడ్చడం, బండికెత్తడం. పొలం గట్టు మీద తుమ్మ చెట్టుని గొడ్డలున్న ఎవరైనా పడగొడతారు, దానికి నీకు ఫోన్ చేయరు. వంటింటి రేకుల మీదకి వాలిన వేప కొమ్మని, రేకు చిట్లకుండా నేల మీద పెట్టాల్సి వచ్చినప్పుడు చేస్తారు. వాళ్లు నీకిచ్చే డబ్బు ఆ దించినందుకే. అందుకని నీ లక్షన్నరలో మొదటి నలభై, యాభై వేలు తాళ్లకి, బెల్టులకి, హెల్మెట్లకి పక్కన పెట్టు. రంపం బేరం ఆ తర్వాత.

ఎందుకంత పట్టుబడుతున్నానో ఒక చిన్న లెక్క చెబుతాను. అడుగు మందం, మూడడుగుల పొడవున్న పచ్చి దుంగ సుమారు 60 కిలోలు తూగుతుంది. పొడవు అంతే ఉండి మందం రెండడుగులైతే 120 కిలోలు ఉంటుందని చాలామంది అనుకుంటారు. మందం రెట్టింపైతే బరువు నాలుగింతలవుతుంది, అంటే 240 కిలోలు. ఆ దుంగ ఒక మీటరు కిందకి జారి తాడు మీద ఆగిందనుకో, ఆ కుదుపుకి తాడు మీద పడే బరువు దాని అసలు బరువుకి ఎన్నో రెట్లుంటుంది. లారీ లోడుకి కట్టే నీలం ప్లాస్టిక్ తాడు ఇలాంటి కుదుపులకి చేసింది కాదు. ఆ తాడు ఎండకి పెళుసెక్కుతుంది, కొమ్మ మీద రాసుకుంటే వేడికి కరుగుతుంది. పైకి బాగానే కనిపిస్తూ ఒక రోజు తెగుతుంది.

కొమ్మలు దించడానికి 14 నుంచి 16 మిల్లీమీటర్ల పాలిస్టర్ అల్లిక తాడు తీసుకో. ఎంత బరువుకి తెగుతుందో లేబుల్ మీద రాసి ఉంటుంది, రాయని తాడు కొనకు. అందులో పదో వంతే నీది అనుకో. 4,000 కిలోలని రాసి ఉంటే 400 దాటి వేలాడదీయకు. ముడి వేస్తే తాడు బలంలో సగం దాకా కూడా పోవచ్చు కాబట్టి ఈ పదో వంతు లెక్క మరీ అతి జాగ్రత్తేమీ కాదు. పొడవు విషయంలో పిసినారితనం వద్దు. 15 మీటర్ల ఎత్తు కొమ్మకి తాడు పైకెళ్లి కిందకి రావడానికే 30 మీటర్లు పోతుంది. చెట్టు మొదట్లో చుట్లకి, పట్టుకునేవాడు దూరంగా నిలబడడానికి ఇంకో పది పదిహేను కావాలి. 50 మీటర్ల తాడు ఒకే ముక్కగా తీసుకో. దాంతో పాటు బరువు మోసే కప్పీ ఒకటి, దాన్ని కొమ్మకి కట్టడానికి వెడల్పు పట్టీ ఒకటి.

మనిషి ఎక్కే తాడు వేరే ఉండాలి. 11 నుంచి 13 మిల్లీమీటర్లది, లోపల పేటలు, పైన అల్లిన తొడుగు ఉండేది, కొండలెక్కేవాళ్ల సామాను అమ్మే చోట దొరుకుతుంది. సాగే రకం కాకుండా సాగని రకం అడుగు. రెండు తాళ్లూ రెండు రంగుల్లో కొను. ఎర్ర తాడు మనిషిది, తెల్ల తాడు కొమ్మది అని మొదటి రోజే కుర్రాళ్లకి చెప్పు. కొమ్మ దించిన తాడుతో ఒక్కసారి కూడా మనిషి ఎక్కకూడదు. కుదుపులు తిన్న తాడు లోపల ఎక్కడ నలిగిందో పైనుంచి కనిపించదు.

నేను ఈ పనిలోకి కొత్తగా వచ్చినప్పుడు రాజమండ్రిలో ఒక ఇంటి వెనక మామిడి కొమ్మ దించుతున్నాం. కింద తాడు పట్టుకున్న కుర్రాడు నాకంటే రెండేళ్లు చిన్న. జారకుండా ఉంటుందని తాడుని అరచేతికి ఒక చుట్టు చుట్టుకున్నాడు. నేను పైనుంచి చూశాను, వద్దని చెప్పలేదు. అది తప్పని అప్పటికి నాకూ తెలీదు. కొమ్మ విరిగి ఊగింది. వాడిని నాలుగడుగులు ఈడ్చుకెళ్లి బావి గట్టుకి కొట్టింది. తాడు ఆగేసరికి అరచేతి తోలు తాడుకే అంటుకుపోయింది. కింద ఉన్న ఇంటి రేకులకి ఏమీ కాలేదు, వాడు తాడు వదల్లేదు కాబట్టి. మూడు నెలలు ఎడమ చేత్తో స్పూన్ పట్టుకుని అన్నం తిన్నాడు. ఆ తాడు చెట్టు మొదలుకి రెండు చుట్లు తిప్పి ఉంటే ఆ రాపిడే బరువంతా మోసేది, వాడు రెండు చేతుల్తో మెల్లగా వదులుకుంటూ కూర్చోపెట్టేవాడు. రెండు చుట్లకి రూపాయి ఖర్చు లేదు. ఆ సంగతి చెప్పేవాళ్లే ఆ రోజు మాకు లేకపోయారు. నువ్వు కొనే సామాన్లో తోలు గ్లౌజులు ఉండాలి. కానీ తాడుని చేతికి చుట్టకూడదన్న మాట గ్లౌజులకంటే ముందు నేర్పు.

ఇక ఎక్కే మనిషి బెల్టు. సిమెంటు పనుల దగ్గర వాడే ఫుల్ బాడీ బెల్టు వీపు వెనక కొక్కెంతో వస్తుంది. పడితే పట్టుకోవడానికి అది మంచిదే, కానీ చెట్టు మీద కూర్చుని రెండు చేతులా పని చేయడానికి పనికిరాదు. నీకు నడుం రెండు పక్కలా డీ రింగులు, తొడల కింద పట్టీలు ఉన్నది కావాలి. ఫుల్ బాడీదైతే ఐఎస్ 3521 (బెల్టులకి భారత ప్రమాణం) ముద్ర చూసుకో. నడుం నుంచి చెట్టు చుట్టూ తిప్పే పట్టు తాడు లోపల స్టీల్ తీగ ఉన్నది తీసుకో, రంపం పొరపాటున తగిలితే ఉత్త తాడు క్షణంలో తెగుతుంది. స్టీల్ ఉన్నా పూర్తిగా నమ్మకు. పైన రంపం స్టార్ట్ చేసే ముందు రెండు చోట్ల కట్టుకుని ఉండాలి. తాటిచెట్లు తరాలుగా మోకు మీద ఎక్కిన గీత కార్మికులకి తెలంగాణలో 2024 జులైలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. చెట్టుమీదే పుట్టారా అన్నట్టు ఎక్కేవాళ్లకి కూడా కాలు జారుతుంది. మనమెంత?

హెల్మెట్‌కి గడ్డం కింద పట్టీ ఉండాలి, లేకపోతే తల వంచగానే అదే ముందు పడుతుంది. కళ్లకి జాలీ, చెవులకి మఫ్స్ కలిసి వచ్చే హెల్మెట్ దొరుకుతుంది. రంపం శబ్దం 100 డెసిబెల్స్ పైనే, పదేళ్ల తర్వాత నీ పిల్లలు పిలిస్తే వినపడాలి కదా. కాళ్లకి కట్టుకునే రక్షణ కవచం ఒకటుంటుంది, లోపల పొడవాటి దారాలుంటాయి. చైన్ తగలగానే ఆ దారాలు లాక్కుని వచ్చి రంపం పళ్లచక్రంలో చుట్టుకుని దాన్ని ఆపేస్తాయి. ఫుల్ రేస్ మీద చైన్ సెకనుకి సుమారు 20 మీటర్ల వేగంతో తిరుగుతుంది, కాలు తీసే టైము ఉండదు. మన ఎండల్లో పూర్తి ప్యాంటు రకం వేసుకోలేరు, ముందువైపు మాత్రమే ఉండి వెనక పట్టీలతో కట్టుకునేది తీసుకో. రంపం పట్టేవాడికి అది లేకుండా పని మొదలవకూడదు. ఖరీదు చూసి ఆగిపోతావేమో, అందుకే ముందే చెబుతున్నాను.

రంపాల దగ్గరికొస్తే, మొదట కొనాల్సింది చేతి రంపం. వంపు తిరిగిన పళ్ల రంపం, ఒరతో సహా, మంచిది రెండు కొను. మణికట్టు మందం కొమ్మలన్నీ దాంతోనే పోతాయి. పైన ఇంజిన్ రంపం ఎంత తక్కువ వాడితే అంత మంచిది. ఈమధ్య ఆన్‌లైన్‌లో ఆరంగుళాల బ్యాటరీ రంపాలు చవకగా వస్తున్నాయి, ఒక చేత్తో పట్టుకుని కోస్తున్న వీడియోలు నువ్వూ చూసే ఉంటావు. ఒక చేత్తో కోసేటప్పుడు రెండో చెయ్యి ఎక్కడుంటుందో ఆలోచించు. కొమ్మ పట్టుకుని, చైన్ ముందే ఉంటుంది.

ఇంజిన్ రంపం రెండు కొనమంటాను, రెండూ పెద్దవి కావు. ఒకటి 30 నుంచి 35 సీసీ, 14 లేదా 16 అంగుళాల బార్‌తో (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ). రెండోది 45, 50 సీసీ మధ్య, 18 అంగుళాలది. మన వీధుల్లో వచ్చే వేప, తురాయి, కానుగ, మామిడి, కోనోకార్పస్ పనిలో ఎక్కువ భాగం ఈ రెంటితో అయిపోతుంది. రెండు ఎందుకంటే, ఏదో ఒక రోజు చెక్క మూసుకుని రంపం కోతలో ఇరుక్కుంటుంది. దాన్ని విడిపించడానికి రెండోది ఉండాలి. లేకపోతే చెట్టు సగం కోసి, కింద జనం చూస్తుండగా నువ్వు గొడ్డలి వెతుక్కుంటావు. ప్లాస్టిక్ చీలలు (వెడ్జ్‌లు) నాలుగు కూడా కొనుక్కో, పెద్ద కోతల్లో చెక్క మూసుకోకుండా వెనకాలే కొట్టుకుంటూ పోవచ్చు. మీ బావ చెప్పిన 70 సీసీ రంపం నెలకి ఒకటో రెండో రోజులే కావాలి. ఆ రోజుకి అద్దెకి తెచ్చుకో.

ఏ కంపెనీ అంటావా? స్టిల్, హస్క్‌వర్నా రెండూ మంచివే. నా సలహా మాత్రం వేరు. తణుకులోనో తాడేపల్లిగూడెంలోనో రంపాలు బాగుచేసే మెకానిక్ షాపు ముందు ఒక సాయంత్రం కూర్చో. ఏ కంపెనీ పార్టు అతని డబ్బాలో ఉందో, దేనికి ‘వారం పడుతుంది, విజయవాడ నుంచి రావాలి’ అంటున్నాడో విను. అదే నీకు కావలసిన సమాచారం. ‘58 సీసీ’ అని రాసి సగానికి సగం ధరకి వచ్చే పేరులేని రంపాలు ఆ షాపులో మూలన విప్పి పడేసి ఉంటాయి, అవీ చూడు. రెండు రంపాలూ ఒకే కంపెనీవైతే ఆయిల్, ప్లగ్ చాలావరకు కలుస్తాయి. చైన్ మాత్రం పిచ్ (లింకుల మధ్య దూరం) చూసి తీసుకో, బార్ మీద రాసి ఉంటుంది.

పెట్రోల్ గురించి ఒక మాట. మామూలుగా లీటరుకి 20 మిల్లీలీటర్ల మంచి టూ స్ట్రోక్ ఆయిల్, పుస్తకంలో వేరేగా రాసి ఉంటే అలాగే. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. వానాకాలం రెండు వారాలు పని లేక రంపం మూలన పెడితే లోపల కార్బొరేటర్ పాడవుతుంది. అందుకని ఆ వారానికి సరిపడా మాత్రమే కలుపుకో, పని లేనప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ ఆగిపోయే దాకా నడిపి పెట్టు. చైన్‌కి కాలిన ఇంజిన్ ఆయిల్ పోసే అలవాటు చాలామందికి ఉంది. అందులో ఇనుప రజను ఉంటుంది, ఆయిల్ పంపుని తినేస్తుంది. నాలుగు రూపాయలకి చూసుకుని బార్‌ని పోగొట్టుకోవద్దు.

పదును గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఎంత ఖరీదైన రంపమైనా మొద్దుబారితే మనిషిని చంపేస్తుంది. కోస్తున్నప్పుడు రాలేదాన్ని గుప్పిట్లోకి తీసుకుని చూడు. అటుకుల్లా పలుకులు పలుకులుగా ఉంటే పదును బాగుంది. పిండిలా రాలుతుంటే ఆపేయ్. మొద్దు రంపాన్ని నువ్వు బలంగా నొక్కుతావు, నొక్కినప్పుడే అది ఎగిరి మీదకొస్తుంది. చిన్న రంపాల చైన్‌కి చాలావాటికి 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, మధ్యరకానికి 4.8 సరిపోతుంది. ఒక పంటికి మూడుసార్లు తోస్తే అన్నిటికీ మూడే, లోపలి నుంచి బయటికి, ఒకే వైపుకి. ఎడమవి ఒక లెక్క, కుడివి ఒక లెక్క అయితే కోత వంకర పోతుంది. తలుపు కోసే వడ్రంగి మేస్త్రి ఎవరైనా మీ ఊళ్లో ఉంటే ఒక పూట పక్కన కూర్చుని ఆ చెయ్యి కదిలే తీరు చూడు, ఏ వీడియో అంత బాగా నేర్పదు. చైన్ బిగువు రోజూ పొద్దున చూసుకో. బార్ మధ్యలో పట్టుకుని లాగి వదిలితే టక్కున వెనక్కి అంటుకోవాలి, చేత్తో లాగితే తేలిగ్గా తిరగాలి. ప్రతి రంపానికీ మూడు చైన్లుంచు, మట్టిలో ఒకసారి తగిలితే చాలు పదును పోతుంది, చెట్టు కింద కూర్చుని రాయి పట్టే కంటే మార్చి పని కానివ్వడం మేలు.

కొమ్మలు ముక్కలు చేసే మిషన్ మొదటి ఏడాది వద్దు. మీ బావ మంచికే చెప్పాడు, కానీ ఈఎంఐ ప్రతి నెలా వస్తుంది, పని అలా రాదు. మనకి మామిడి కోత అయ్యాక జూన్, జులైల్లో తోటల్లో కొమ్మలు కత్తిరించే పని, మే నెల గాలివానలకి, అక్టోబర్, నవంబర్ తుపానులకి పడిపోయిన చెట్ల పని గుంపుగా వస్తాయి. మధ్యలో వారాలకి వారాలు ఖాళీ. ఆకు, చిన్న కొమ్మలు తీసుకెళ్లడానికి ట్రాక్టర్ ట్రక్కు ట్రిప్పుకింత అని మాట్లాడుకో, ఆ ట్రిప్పుల ఖర్చు ముందే రేటులో చెప్పు. చాలామంది కొత్తవాళ్లు నష్టపోయేది అక్కడే. లావు కట్టె అడితికి అమ్ముకోవచ్చు, కట్టె నీదా ఇంటివాళ్లదా అన్నది కోయకముందే తేల్చుకో. ఏడాది గడిచాక ట్రిప్పుల రసీదులు లెక్కేయి, అవి మిషన్ ఈఎంఐని దాటితే అప్పుడు బ్యాంకుకి వెళ్దువు గాని. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వ నమోదు) మాత్రం ఇప్పుడే చేయించు, దానికి ఫీజు లేదు, ఎవరికీ డబ్బివ్వకు. ముద్రా లోన్ అడిగే రోజుకి పనికొస్తుంది.

మీ వైపు కొబ్బరి పని కూడా వస్తుంది. కూర్చునే పీట ఉన్న కొబ్బరి ఎక్కే పరికరం చవకే, ఒకటి తీసుకుంటే నష్టం లేదు. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో ఫ్రెండ్స్ ఆఫ్ కోకోనట్ ట్రీ పేరుతో ఎక్కే శిక్షణ మొదలుపెట్టింది. ఈసారి మీ జిల్లాలో ఎప్పుడు ఉందో కనుక్కుని నీ కుర్రాళ్లిద్దరినీ పంపు.

డబ్బులు మిగలకపోయినా మానకూడనిది ఇన్సూరెన్స్. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే రెండు లక్షలు. ముగ్గురికీ ఈ వారమే బ్యాంకులో రాయించు. దానిమీద వేరే యాక్సిడెంట్ పాలసీ తీసుకుంటే, ఫారంలో చెట్లెక్కే పని అని ఉన్నదున్నట్టు రాయి. వ్యవసాయం అని రాసి తక్కువ ప్రీమియం కడితే అవసరం వచ్చినప్పుడు ఆ కాగితం అక్కరకు రాదు.

ఇప్పుడు ఆ స్కూల్ చెట్టు. నిద్రగన్నేరు గొడుగులా పక్కలకి పరుచుకుంటుంది, ఒక్కో కొమ్మ అడ్డంగా ఎంతో దూరం పోతుంది. అలాంటి కొమ్మని పైనుంచి ఒకే కోత కోస్తే సగంలో చీలి, చీలిక మొదలు దాకా వచ్చి ఎక్కినవాడి మీదే పడుతుంది. ముందు కింద నుంచి మందంలో మూడో వంతు కోసి, తర్వాత కాస్త అవతలగా పైనుంచి కోయాలి. ఇది నీకు తెలిసే ఉంటుంది. తీగల సంగతే అసలు కష్టం. పచ్చి కొమ్మలో కరెంటు ప్రవహిస్తుంది. తీగకి తగిలే దాకా అవసరం లేదు, 11 కేవీ లైన్ అయితే దగ్గరికి వస్తేనే చాలు. అల్యూమినియం నిచ్చెన ఆ చుట్టుపక్కలకి తేవద్దు. కరెంటు కంపెనీ ఏపీఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో స్కూల్ వాళ్ల చేత దరఖాస్తు పెట్టించి, ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపి పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) తీసుకున్నాకే చెట్టెక్కాలి. లైన్‌మన్ వచ్చి, లైన్ ఆపి, ఎర్తు వేసి, ‘ఎక్కండి’ అని తన నోటితో చెప్పేదాకా కింద నిలబడు. ఫోన్‌లో ‘ఆపేశాం’ అన్నారని నమ్మి ఎక్కకు. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చెట్టు కొట్టే అనుమతి కూడా స్కూల్ పేరు మీదే తీసుకోమను, కాపీ నీ జేబులో ఉండాలి.

ఒప్పుకో, కానీ వెంటనే కాదు. మూడు వారాలు గడువడుగు. ఆ లోపల తాళ్లు వస్తాయి, అనుమతులు వస్తాయి. మీ పల్లెలో ఎవరి ఇంట్లోనన్నా తీగలు లేని చోట ఒక వేప కొమ్మ ఉంటే కుర్రాళ్లతో నాలుగుసార్లు దించి చూడండి, కావాలంటే ఊరికే చేయండి. మొదలు కోయడానికి పెద్ద రంపం, దాంతో పాటు దాన్ని నడిపే అనుభవమున్న మనిషిని ఒక రోజుకి తెచ్చుకో, ఆయన కూలీ, లోడ్ ట్రిప్పులు, ఎల్‌సీ రోజు వాయిదా పడితే పోయే కూలీ అన్నీ కలిపి రేటు చెప్పు. పని సెలవు రోజున పెట్టుకో, పిల్లలెవరూ లోపల లేకుండా. స్కూల్ వాళ్లు ‘ఇంతకన్నా తక్కువకి ఇంకొకరు వస్తామన్నారు’ అంటే వాళ్లనే పిలుచుకోమను.